జూదం, క్యాసినో, మన చట్టం: తిరుపతి గ్రౌండులో తరచుగా అడిగే ప్రశ్నలు

2025 ఆగస్టులో ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ పార్లమెంటు నిషేధించింది. ఆ వారమంతా ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నడిచే మా గుంపులో వేరే మాటే లేదు. "మరి గోవాలో ఎట్లా ఆడిస్తున్నారు సార్?", "కేరళ లాటరీకి తప్పు లేదా?", "మన తిరుమల డిప్పు టికెట్టో?" అని ఒకటే ప్రశ్నలు. లెక్కల మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి పందెం లెక్కలు నన్నే అడుగుతారు. చరిత్ర, చట్టం మాత్రం సరదాకొద్దీ చదువుకున్నవి. నడుస్తూ చెప్పినవి సగం గాలికి పోతున్నాయని, అడిగినవన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

మన దేశంలో జూదం ఎప్పటి నుంచి ఉంది?

మొహెంజొదారో తవ్వకాల్లోనే ఆరు ముఖాల పాచికలు దొరికాయి. అంటే ఊళ్లు కట్టుకున్నప్పటి నుంచీ ఉన్నట్టే. ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి ఏడుపు ఉంది. అత్తకు గిట్టడు, పెళ్లాం ఇంట్లోకి రానివ్వదు, జాలిపడేవాడు ఒక్కడూ లేడు. ఇక ఆడనని ఒట్టు పెట్టుకుంటాడు, పాచికల చప్పుడు వినపడగానే కాళ్లు అటే లాగుతాయి. చివర్లో దేవుడి మాటగా వచ్చేది చాలా సూటిగా ఉంటుంది: పాచికలు మాను, పొలం దున్నుకో.

ఆ ఋగ్వేదం నాటి పాచిక చెక్కినది కాదు, తానికాయ. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో పాటు పడేది అదే. మనవాళ్లు దగ్గుకు వాడే కాయతో వాళ్లు ఇల్లు గుల్ల చేసుకున్నారన్నమాట.

ఇక మన చిత్తూరు వైపు వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం పెడతారు కదా: పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ. మా ఊళ్లో జూదం ఘట్టం జరిగే రాత్రి ధర్మరాజు వేషగాడు తమ్ముళ్లను ఒక్కొక్కరినే ఒడ్డుతుంటే, ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ ప్రతి ఏడూ "వద్దు సామీ, లేచి వచ్చేయ్" అని అరిచేది. వేషగాడు ఒక్క క్షణం ఆగి ఆమె వైపు చూసి, మళ్లీ పాచికలు విసిరేవాడు.

పాత రాజులు దాన్ని ఆపలేదా?

ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. మనుస్మృతి జూదాన్ని, పందేలను రాజ్యం నుంచే వెళ్లగొట్టమంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మాత్రం దానికి ఒక అధికారిని వేసింది. పేరు ద్యూతాధ్యక్షుడు. ఆట ఆయన చూపించిన ఒక్క చోటే ఆడాలి. ఇంకోచోట ఆడితే 12 పణాల జరిమానా. పాచికలు ఆయనే అద్దెకిస్తాడు, గెలిచినవాడి దగ్గర నూటికి 5 వంతులు తీసుకుంటాడు. చాటుమాటు పనులు చేసేవాళ్లు ఎట్లాగూ అక్కడికే చేరతారు కాబట్టి వాళ్లను కనిపెట్టడమూ సులువు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే లైసెన్సు, రెంటు, ట్యాక్సు, సీసీ కెమెరా అన్నీ అందులో ఉన్నాయి.

నన్నడిగితే అప్పటి నుంచి ఇప్పటిదాకా నడిచే గొడవంతా ఇదే. ఒకరు పాచికలు విరగ్గొట్టమంటారు, ఇంకొకరు పాచికలు నా చేతికివ్వమంటారు. మన ప్రభుత్వాలు ఒకే ఏడాదిలో రెండూ చేస్తాయి.

సాక్షాత్తూ స్వామివారే పాచికలాడారంటారు. మరి అది తప్పెట్లా అవుతుంది?

హథీరాం బావాజీ కథ గురించి కదా మీరంటున్నది. ఉత్తరాది నుంచి తిరుమలకు వచ్చి ఆలయం దగ్గరే ఉండిపోయిన భక్తుడాయన. రాత్రుళ్లు స్వామి ఆయన దగ్గరికి వచ్చి పాచికలాడేవారని, ఒకరోజు స్వామి నగ అక్కడే ఉండిపోయిందని, దొంగతనం అంటగట్టి ఆయన్ను చెరసాలలో పెట్టారని చెబుతారు. నువ్వు నిజం చెబుతుంటే తెల్లారేసరికి ఈ గదినిండా ఉన్న చెరకంతా తినమన్నారట. స్వామి ఏనుగై వచ్చి తిని వెళ్లాడు. హిందీలో హాథీ అంటే ఏనుగు, అందుకే ఆయన హథీరాం. ఆ మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ చూశారు. ఆ తర్వాతే దేవస్థానం బోర్డు వచ్చింది.

ఆ ఆటలో పందెం ఎక్కడుంది? స్నేహితులిద్దరు పొద్దుపోక ఆడుకున్నారు, అంతే. గెలిచిన సొమ్మూ లేదు, ఆడించి కమీషన్ తీసుకున్నవాడూ లేడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద చట్టం దగ్గర మళ్లీ వస్తుంది.

తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్ కూడా ఒక రకం లాటరీయే కదా?

పేరు తీసే పద్ధతి లాటరీదే, జూదం మాత్రం కాదు. జూదానికి మూడు ఉండాలి: మీరు పెట్టే సొమ్ము, అదృష్టం, గెలిస్తే వచ్చే లాభం. సుప్రభాతానికో తోమాలకో డిప్పులో పేరు వేసుకునేటప్పుడు మీరు డబ్బు కట్టరు. పేరు వస్తేనే టికెట్ ధర కడతారు. రాకపోతే పోయేది ఏమీ లేదు, మళ్లీ వచ్చే నెల దాకా టెన్షన్ తప్ప.

మనకు వర్తించే చట్టం ఏది?

దేశంలో అందరూ చెప్పే పాత చట్టం 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ యాక్ట్. అది మొదట పెట్టింది పంజాబ్, ఔధ్ లాంటి ఉత్తరాది ప్రాంతాలకు. మనం అప్పుడు మద్రాసు కింద ఉన్నాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా అక్కడే. మనకు వచ్చింది 1930 మద్రాస్ గేమింగ్ చట్టం. హైదరాబాదు వైపు నిజాం కాలపు చట్టం వేరే ఉండేది. రాష్ట్రమంతటికీ ఒకటే ఉండాలని 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం తెచ్చారు. ఇప్పుడు తిరుపతి వేరే జిల్లా అయినా, చిత్తూరు వేరే అయినా చట్టం అదే.

ఈ చట్టాలన్నీ గురిపెట్టేది ముఖ్యంగా ఆడించేవాడి మీద. ఇల్లో, తోటో, షెడ్డో ఇచ్చి, ముక్కలు పెట్టి, దాని మీద లాభం తీసుకుంటే ఆ చోటును కామన్ గేమింగ్ హౌస్ అంటారు. అక్కడ దొరికినవాళ్ల మీదా కేసు పడుతుంది. పేపర్లో "పేకాట రాయుళ్ల అరెస్టు" అని వచ్చే వార్తల వెనక ఉండేది ఈ సెక్షన్లే. రోడ్డు మీద, బహిరంగ స్థలంలో ఆడినా నేరమే.

ఇంకో చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. బొంబాయిలో ఒకప్పుడు వాన మీద పందేలు కాసేవారు. వాన పడుతుందా, పడితే ఫలానా మిద్దె గొట్టం నుంచి నీళ్లు కారతాయా అని. ఇది ముదిరి, 19వ శతాబ్దం చివర్లో వాన పందేన్ని కూడా జూదం కింద చేర్చి చట్టాన్ని సవరించారు. మన రాయలసీమలో ఆ వ్యాపారం పెట్టినవాడికి "పడదు" అని కాసేవాళ్లే ఎక్కువ దొరికేవాళ్లు.

రమ్మీ జూదమా, కాదా? క్లబ్బుల్లో ఆడుతున్నారే!

దీనికి అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం కేసే దేశమంతటికీ దారి చూపించింది. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు చెప్పింది ఇది: మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది. రమ్మీ అట్లా కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది తెలియాలి. కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి.

చాలామంది ఇక్కడితో ఆపేసి "సుప్రీంకోర్టే ఆడుకోమంది" అంటారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆ ఆట మీద క్లబ్బు లాభం తీసుకుంటున్నట్టు తేలితే నేరం అవుతుందని. మళ్లీ కథ ఆడించేవాడి దగ్గరికే వచ్చింది చూడండి. 1957లోనే సుప్రీంకోర్టు చమర్‌బాగ్‌వాలా కేసుల్లో నైపుణ్యం ఒకటి, జూదం ఇంకొకటి, జూదాన్ని వ్యాపారం హక్కుగా అడగలేరు అని చెప్పి ఉంది.

గుర్రప్పందేలో?

అదీ నైపుణ్యమే అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడు 1974లో పందేలను నిషేధించడానికి చేసిన చట్టం మీద వచ్చిన కేసు అది. గుర్రం వంశం, జాకీ, మైదానం చూసి అంచనా కట్టాలట. నాకు తెలిసినవాళ్లలో చెన్నై గిండీ రేసులకు వెళ్లొచ్చినవాళ్లు ఎవరూ గుర్రం వంశం చూసి కాయలేదు, పేరు నచ్చి కాశారు.

మట్కా ఎక్కడి నుంచి వచ్చింది? మన సీమలో ఇంత ఎందుకు పాకింది?

పుట్టింది బొంబాయిలో, అదీ పత్తి మీద. న్యూయార్క్ పత్తి మార్కెట్ ఓపెనింగ్ ధర, క్లోజింగ్ ధర టెలిప్రింటర్లో బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద జనం పందేలు కాసేవారు. ఓపెన్, క్లోజ్ అనే మాటలు అప్పటివే, ఇప్పటికీ పోలేదు. 1961లో ఆ ధరలు రావడం ఆగింది. ఆట ఆగలేదు. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంతంగా నెంబర్లు తీయడం మొదలుపెట్టారు. కుండలో చీటీలు వేసి తీసేవారు కాబట్టి మట్కా. తర్వాత కుండ పోయి పేక ముక్కలు వచ్చాయి. మూడు ముక్కలు తీసి, కూడి, చివరి అంకె తీసుకుంటే అది ఓపెన్. ఇంకో మూడు తీస్తే క్లోజ్. రెండూ కలిపితే రెండంకెల నెంబరు. అప్పట్లో దానికి బలం బొంబాయి మిల్లు కార్మికులే. 1982 సమ్మెతో మిల్లులు మూతపడుతుంటే అక్కడ ఆటా తగ్గింది.

సీమలో పాకడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దీనికి టేబుల్ వద్దు, ముక్కలు వద్దు, నలుగురు కూడక్కర్లేదు. టీ కొట్టు పక్కన నిలబడిన బీటర్‌కు పది రూపాయలిచ్చి ఒక నెంబరు చెబితే చిన్న చీటీ మీద రాసిస్తాడు. కూలికి పోయేవాడు పని మానకుండా ఆడగలడు. ఇప్పుడు ఆ చీటీ కూడా లేదు, వాట్సాప్ మెసేజే.

లెక్క చూడండి. 00 నుంచి 99 దాకా 100 నెంబర్లు. వందమంది తలా ఒక నెంబరు మీద 10 రూపాయలు పెట్టారనుకుందాం. మొత్తం 1000. గెలిచినవాడికి రూపాయికి 80 చొప్పున 800 ఇస్తాడు. 200 నడిపేవాడికి మిగిలింది. ఏ నెంబరు వచ్చినా మిగులుతుంది. పైగా ఏ నెంబరు మీద తక్కువ డబ్బు పడిందో ముందే తెలిసిన మనిషి చేతిలోనే డ్రా ఉంటే, మీ కలలో కనబడిన నెంబరుకు ఏపాటి విలువ ఉంటుందో ఆలోచించండి.

తిరునాళ్లలో ఆరు బొమ్మల పట వేసి ఆడిస్తారు. మూడు పాచికలు, ఆరు బొమ్మలు. సగానికి సగం ఛాన్స్ ఉన్నట్టే కదా?

ఈ ప్రశ్న నేను పదేళ్ల వయసులో వేసుకుని, ఫీజు కట్టి జవాబు తెలుసుకున్నాను.

మా ఊరి తిరునాళ్లకు మా చెల్లెలికి గాజులు తెమ్మని తాత రెండు రూపాయలు ఇచ్చాడు. బొరుగుల అంగడి పక్కన గ్యాస్ లైట్ వెలుగులో ఒకాయన పట పరిచి కూర్చున్నాడు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు, జెండా, ఒక మొహం. జెండా మీద పావలా పెట్టాను, వచ్చింది. మళ్లీ పెట్టాను, రెండు జెండాలు పడ్డాయి. ఆయన నవ్వి "అబ్బోడి చెయ్యి మంచిది" అన్నాడు. ఆ మాటతోనే పోయాను. అరగంటకు జేబులో మిగిలింది గాజుల కొలతకు అమ్మ ఇచ్చిన పాత గాజు ఒక్కటే.

చాలా ఏళ్ల తర్వాత పదో తరగతి పిల్లలకు సంభావ్యత చెబుతూ ఇదే లెక్క బోర్డు మీద వేశాను. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. మీ బొమ్మ ఒక్కదాని మీదా పడనివి 125. ఒక్కసారి పడేవి 75, రెండుసార్లు 15, మూడుసార్లు 1. ఎన్ని పాచికల మీద మీ బొమ్మ పడితే అన్ని రెట్లు లాభం ఇస్తాడు కాబట్టి, ప్రతిసారీ ఒక రూపాయి పెడితే, లాభం 75, దాని మీద 30, ఇంకో 3, మొత్తం 108. నష్టం 125. అంటే 216 రూపాయలు తిప్పితే 17 రూపాయలు పట వేసినవాడివి. ఆయన మోసం చేయక్కర్లేదు, పాచికలకు సీసం పోయక్కర్లేదు. రాత్రి తెల్లారేదాకా మర్యాదగా ఆడిస్తే చాలు. సగం ఛాన్స్ అనిపిస్తుంది గానీ మీరు గెలిచేది 216లో 91 సార్లే.

క్యాసినో అంటే ఏమిటి? మన దేశంలోకి ఎప్పుడు వచ్చింది?

ఇటాలియన్ భాషలో ఆ మాటకు అర్థం చిన్న ఇల్లు. మన దగ్గర చిన్నిల్లు అంటే అర్థం వేరు, జేబుకు మాత్రం రెండూ ఒకటే. యూరప్‌లో ప్రభుత్వం అనుమతితో నడిచిన మొదటి జూదశాల 1638లో వెనిస్‌లో పెట్టారు.

మన దేశంలో దారి తెరిచింది గోవా. అక్కడ 1976 నాటి జూద నిషేధ చట్టమే ఉంది. దాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో మెషీన్ల ఆటకు అనుమతిచ్చారు. 1996లో ఇంకో సవరణతో టేబుళ్ల మీద ఆడే ఆటలకు అనుమతిచ్చారు, కాకపోతే నీళ్ల మీదుండే ఓడల్లో. పణజిలో మాండోవి నది మీద దీపాలతో మెరిసే ఓడలు అందుకే. ఒడ్డున హోటల్లో అయితే మెషీన్లే. నిషేధం చట్టం పేరు అట్లాగే ఉంచి లోపల ఒక కిటికీ తీశారన్నమాట. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులకే లోపలికి ప్రవేశం లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఇది చాలా విషయం చెబుతుంది: వచ్చినవాడు పోగొట్టుకోవచ్చు, మా పిల్లలు వద్దు.

సిక్కిం 2002లో క్యాసినో చట్టం చేసింది, 2009లో గ్యాంగ్‌టక్‌లో మొదటిది తెరిచారు. వీటన్నిటికంటే ముందే, 1968లో, నేపాల్ ఖాట్మండులో తెరిచింది. అక్కడా ఎక్కువగా వచ్చింది మన దేశం వాళ్లే.

లోపలి లెక్క కూడా తిరునాళ్ల పట లెక్కే, ఏసీ ఒక్కటి ఎక్కువ. రూలెట్ అంటే గోలీ వేసి తిప్పే చక్రం. అందులో 1 నుంచి 36, ఒక సున్నా, మొత్తం 37 గళ్లు. మీ నెంబరు పడితే ఇచ్చేది 35 రెట్లు. ఆ తేడాలోనే ఓడ తేలుతోంది.

ఆంధ్రలో క్యాసినో పెట్టుకోవచ్చా?

ఇప్పుడున్న చట్టం ప్రకారం వీల్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో 34వ అంశం పందేలు, జూదం. అందుకే గోవాకు ఒక రూలు, మనకు ఒక రూలు. అసెంబ్లీ చట్టం మారిస్తే తప్ప కుదరదు.

మరి కేరళ లాటరీ?

ప్రభుత్వాలు నడిపే లాటరీలు కేంద్రం జాబితాలో ఉన్నాయి, దానికి 1998 చట్టం ఉంది. కేరళ 1967లో మొదలుపెట్టింది. అప్పుడు టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50,000. మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. తమిళనాడు కూడా ఒకప్పుడు నడిపి, 2003లో అమ్మకాలే నిషేధించింది. చిత్తూరు బస్టాండులో చొక్కా జేబులో టికెట్ల కట్ట పెట్టుకుని తిరిగే మనుషులు నాకింకా గుర్తు. ద్యూతాధ్యక్షుడి ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, బోర్డు మారింది.

ఆన్‌లైన్ నిషేధం సరిగ్గా ఏమిటి?

మనకు రెండుసార్లు వచ్చింది. మొదట 2020 సెప్టెంబరులో రాష్ట్రం 1974 చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివన్నీ ఆపేసింది. కానీ మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఫోన్‌కు తెలుసు, రాష్ట్రం హద్దు ఎక్కడో మనిషికి తెలుసు. పలమనేరు దాటి నంగిలి పోతే కర్ణాటక. అక్కడ కారు ఆపుకుని ఆడి వచ్చినవాళ్ల కథలు మా గ్రౌండులోనే విన్నాను.

2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మూడు రోజుల్లో అయిపోయింది. ఇందులో అసలు మలుపు ఏమిటంటే, నైపుణ్యమా అదృష్టమా అన్న 1957 నాటి తేడానే పక్కన పెట్టేశారు. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. నడిపినవాడికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవాడికి 2 ఏళ్లు, 50 లక్షల వరకు. ఆడినవాడికి ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. డబ్బు లేని ఆటలు, ఈ-స్పోర్ట్స్ మామూలే. దీని మీద కంపెనీలు కోర్టుకు వెళ్లాయి.

మా గుంపులో ఒక కుర్రాడు అడిగినట్టు, "ఆన్‌లైన్ రమ్మీ తప్పయితే గోవా ఓడలో రూలెట్ ఒప్పెట్లా అవుతుంది?" అన్నదానికి చట్టంలో జవాబుంది: అది ఆన్‌లైన్ కాదు, రాష్ట్రం విషయం. అతనికి ఆ జవాబు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

గెలిచిన డబ్బుకు ట్యాక్స్ ఉందా?

ఉంది. లాటరీ, గుర్రప్పందెం, ఏది గెలిచినా 30 శాతం ఇన్‌కం ట్యాక్స్, సెస్ అదనం. పోగొట్టుకున్నది తీసేసి కడతామంటే ఒప్పుకోరు. ఇక క్యాసినోలు, పందేలు, లాటరీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది.

చీటీలు జూదం కిందికి వస్తాయా?

రావు. రిజిస్టర్ చేసిన చిట్‌ఫండ్‌కు 1982 చట్టం ఉంది. పాట పాడి ముందు తీసుకున్నా, చివర్లో తీసుకున్నా మీ డబ్బు మీకు వస్తుంది. "డ్రాలో పేరు వస్తే మిగతా నెలలు కట్టక్కర్లేదు, బండి మీదే" అనే రకం స్కీములు వేరు. ఆ బహుమతి చీటీలను 1978 చట్టం నిషేధించింది. ఇంటి పక్కవాళ్లు వేస్తున్నారు కదా అని చేరకండి.

మా అబ్బాయి ఫోన్లో ఆడి అప్పులు చేశాడు. ఎవరికి చెప్పాలి?

ముందు అరవకండి. అరిస్తే మిగతా సగం అప్పు దాచేస్తాడు. ఎవరెవరి దగ్గర ఎంత తీసుకున్నాడో కాగితం మీద అతని చేతనే రాయించండి. లోన్ యాప్‌లు ఉంటే అవీ. మోసపు యాప్‌లో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నెంబరు 1930కి చెప్పండి. నిద్ర లేకపోవడం, చచ్చిపోతానంటూ మాట్లాడటం కనబడితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పోగొట్టుకున్నది మళ్లీ ఆడి రాబడతానంటే మాత్రం ఒక్క రూపాయీ ఇవ్వొద్దు.

శివరాత్రి జాగారానికి ఇంట్లో పేకాట ఆడుకుంటే పోలీసులు వస్తారా?

ఇంట్లోవాళ్లు, చుట్టాలు కూర్చుని పందెం లేకుండా ఆడుకుంటే ఎవరూ రారు. శ్రీకాళహస్తి వెళ్లలేని ఏడు మా ఇంట్లో పరమపద సోపానపటం పరుస్తాం. ఓడినవాళ్లు తెల్లవారుజామున అందరికీ కాఫీ పెట్టాలి. చట్టం అక్షరం పట్టుకుంటే కాఫీ కూడా పందెమే అనొచ్చు గానీ, పాలు ఎట్లాగూ మా ఇంటివే. పోయిన ఏడు పెద్ద పాము నోట్లో పడి కాఫీ పెట్టింది నేనే.